చచ్చిపోయినట్టు రాసేసిన సైనికులు: షిగెరు మిజుకి యుద్ధం కామిక్ రివ్యూ

నమస్తే అందరికీ. హనుమకొండ నుంచి ఇంకో వీడియో. కింద కుక్కలు మొరుగుతున్నాయి, ఏమనుకోకండి.

ఇదిగో పుస్తకం. దీన్ని ఇటు నుంచి, అంటే వెనక వైపు నుంచి తెరవాలి. జపాన్ కామిక్స్ కుడి నుంచి ఎడమకు చదవాలి కదా. మొదటి రోజు నేను అలవాటులో మామూలుగా చదివేశా. ఇందాకే పోయినోడు మళ్లీ అన్నం తింటున్నాడేంటి అని బుర్ర తిరిగింది.

పేరు ఆన్‌వర్డ్ టువర్డ్స్ అవర్ నోబుల్ డెత్స్. గీసింది షిగెరు మిజుకి. జపనీస్‌లో 1973లో వచ్చింది, ఇంగ్లీష్‌లో 2011లో. జపాన్‌లో ఈయన పేరు చెప్తే యుద్ధం కాదు, దయ్యాలు గుర్తొస్తాయి. ఒంటి కన్ను పిల్లాడు కితారో, ఒక కనుగుడ్డుకే కాళ్లూ చేతులూ వచ్చి తిరిగే వాళ్ల నాన్న. ఆ నాన్న టీ గిన్నెలో కూర్చుని స్నానం చేస్తాడు. ఆ బొమ్మ చూసి మా చెల్లెలి కొడుకు వారం రోజులు నవ్వాడు.

మిజుకి 1922లో పుట్టాడు. పెరిగింది సముద్రం ఒడ్డున, సకాయిమినాతో అనే ఊళ్లో. నోన్నోన్బా అని ఒక ముసలమ్మ ఆయనకు ఈ దయ్యాల కథలన్నీ చెప్పింది. ఇంటి కప్పు మీద మరక కనిపిస్తే, రాత్రి ఒక దయ్యం వచ్చి నాకిన గుర్తు అది అనేదట. పిల్లాడు పైకి చూస్తే మరక ఉంది మరి, నమ్మక ఏం చేస్తాడు! పరకాలలో మా బాపమ్మ కూడా అంతే. చెరువు కట్ట మీద దూరంగా ఏ దీపం కదిలినా అది కొరివి దయ్యమే. సైకిల్ మీద వచ్చే మనిషి అని మేము అంటే ఒప్పుకునేది కాదు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1943లో మిజుకిని పట్టుకెళ్లి మిలిటరీలో వేశారు. వయసు 21. పంపింది ఇప్పటి పపువా న్యూగినీలో ఉన్న న్యూ బ్రిటన్ దీవికి. రబౌల్ అక్కడ జపాన్ వాళ్ల పెద్ద స్థావరం. సింగపూర్‌లో పట్టుబడిన మన ఇండియా సైనికులను కూడా ఖైదీలుగా ఆ రబౌల్‌కే తెచ్చి చాకిరీ చేయించారు. వాళ్లలో చాలామంది సమాధులు ఇప్పటికీ అక్కడే, బీటా పాకాలో ఉన్నాయి.

ఒక తెల్లవారుజామున మిజుకి కాపలా డ్యూటీలో ఉన్నాడు. టెలిస్కోప్‌లో శత్రువులను చూడాల్సినోడు చిలకలను చూస్తూ ఉండిపోయాడు. తోటివాళ్లను లేపడానికి బయల్దేరడం ఆలస్యమైంది. ఆలోపే దాడి జరిగింది, మిగతా వాళ్లంతా పోయారు. అడవిలో పడి రోజుల తరబడి నడిచి ప్రాణాలతో వస్తే, పై ఆఫీసర్ అన్న మాట ఏంటో తెలుసా? అందరూ చచ్చారు కదా, నువ్వెందుకు పారిపోయి వచ్చావని. తర్వాత మలేరియా. ఆ పైన విమానాల దాడిలో ఎడమ చేయి దెబ్బతింటే, మత్తుమందు కూడా లేకుండా తీసేశారు.

ఇప్పుడు ఈ కథ చూడండి. ఒక కుర్ర మేజర్ ఉంటాడు. గొప్పగా చావాలని పిచ్చి. ఐదు వందల మందితో అందరూ పోయేదాకా దాడి అంటాడు. అందరూ వీరమరణం పొందారని రబౌల్‌కు కబురు వెళ్లిపోతుంది. తీరా చూస్తే కొంతమంది బతికే ఉన్నారు. ఇప్పుడు పై వాళ్లకు టెన్షన్. కాగితం మీద చచ్చినోళ్లు నడిచి వస్తే ఎట్లా? కాగితాన్ని మార్చరు, మనుషులను మళ్లీ పంపిస్తారు. ఇందులో తొంభై శాతం నిజమే అని మిజుకి వెనక మాటలో రాశాడు.

ఈ పేజీ దగ్గరగా చూపిస్తా, ఆగండి... ఆ. మనుషులేమో పిల్లల పుస్తకంలో లాగ, గుండ్రటి ముక్కు, రెండు గీతలు. వెనక అడవి చూడండి, ప్రతి ఆకూ ఫొటో తీసినట్టు గీశాడు. పుస్తకమంతా ఇట్లాగే. చివరి పేజీల్లో మాత్రం శవాలు కూడా ఆ అడవిలాగే ఫొటోలా అయిపోతాయి. నాకు అక్కడ పేజీ తిప్పబుద్ధి కాలేదు. తన పోలికలున్న మారుయమా అనే సైనికుడిని మిజుకి చివర్లో చంపేశాడు. నిజంలో బతికింది తనే కదా.

లోపాలున్నాయి. మొదటి యాభై పేజీలు ఎవరు ఎవరో తెలియదు, అందరూ చెంపదెబ్బలు తింటూనే ఉంటారు. మొదట్లోనే సైనికుల కోసం మిలిటరీ వాళ్లు ఆడవాళ్లను పెట్టిన ఇంటి ముందు సైనికులు క్యూలో నిలబడి ఉంటారు, ఆ ఆడవాళ్ల గురించి ఇంకా చెప్పాల్సింది. కామిక్ కదా అని పిల్లల చేతికి మాత్రం ఇవ్వొద్దు.

యుద్ధం తర్వాత ఆయన వీధి కథలకు అట్టల మీద బొమ్మలు వేశాడు. మన చేర్యాల పటం ముందు కథ చెప్పినట్టే అది కూడా. తర్వాత అద్దె పుస్తకాల షాపులకు కామిక్స్. చౌరస్తా దగ్గర సందులో రోజుకింత అని డిటెక్టివ్ నవలలు అద్దెకు తెచ్చుకున్న మీలాంటి వాళ్లకు ఆ వ్యాపారం చెప్పక్కర్లేదు. షాపులవాడే బతకలేడు, ఇక గీసినవాడికి ఏం వస్తుంది! పేరు వచ్చేసరికి వయసు 43. అయినా తొందర లేదు, రోజూ బాగా నిద్రపోయేవాడు. రాత్రంతా మేలుకుని పనిచేసిన పేరున్న కామిక్ కళాకారులు తెజుకా, ఇషినోమోరి ఇద్దరూ అరవైకే పోయారని ఆయనే కామిక్ గీశాడు. ఆయన మాత్రం 2015 దాకా, 93 ఏళ్లు ఉన్నాడు. సకాయిమినాతోలో ఇప్పుడు వీధి పొడుగునా ఆయన దయ్యాల కంచు బొమ్మలే.

మా కాలనీలో ఆర్మీలో చేసి రిటైర్ అయిన కాకా ఒకాయన ఉన్నాడు. ఇంగ్లీష్ పెద్దగా రాదు, బొమ్మలు చూస్తానని పుస్తకం తీసుకెళ్లాడు. దాడి గురించి ఏమైనా అంటాడేమో అనుకున్నా. రెండు రోజులకు తిరిగి ఇస్తూ, "వీళ్లకు ఎప్పుడు జూసినా తిండి రందే. పోయొచ్చినోడే గీసిండు" అన్నాడు.