కొన్నవాడికే తాళం

(కడపలోని ఒక జూనియర్ కళాశాలలో కొత్త కంప్యూటర్ గది ప్రారంభోత్సవ సభలో ఒక డీటీపీ షాపు యజమాని చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, ఈ గదికి కంప్యూటర్లు సమకూర్చిన పూర్వ విద్యార్థుల సంఘం పెద్దలకు, నాకంటే ముందు మాట్లాడి నా సమయం కూడా వాడేసుకున్న లెక్చరర్ గారికి, అన్నం టైం దాటుతున్నా కదలకుండా కూర్చున్న పిల్లలకు నమస్కారం. మిగతా పెద్దల పేర్లు ఇందాకే రెండుసార్లు చదివారు. మూడోసారి నేను చదవను, ఏమీ అనుకోకండి.

ఆహ్వాన పత్రికలో నా పేరు కింద ‘సాఫ్ట్‌వేర్ పైరసీ – విద్యార్థుల బాధ్యత’ అని ఉంది. ఆ పత్రిక కంపోజ్ చేసింది నేనే. ఒక్క అక్షరం మార్చకుండా వేశాను, మా వృత్తిలో అది నియమం. కానీ బాధ్యత విద్యార్థులదేనా, అమ్మేవాళ్లకు ఏమీ లేదా అని ఆ రోజు నుంచి మనసులో తిరుగుతూనే ఉంది. అది ఇక్కడ చెప్పకపోతే ఇంకెక్కడా చెప్పే అవకాశం రాదు.

ముందు చట్టం సంగతి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 1994 సవరణలో అందులో 63బి సెక్షన్ చేర్చారు. దొంగ కాపీ అని తెలిసి ఒక ప్రోగ్రామ్‌ను కంప్యూటర్‌లో వాడితే వారం రోజులకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. వ్యాపారానికి కాదు, సొంతానికి వాడుకున్నానని నిరూపించుకుంటే కోర్టు జైలు లేకుండా 50,000 లోపు జరిమానాతో వదలవచ్చు. కాబట్టి ‘అందరూ వాడుతున్నారు, ఏం కాదులే’ అనుకోవద్దు. అందరూ వాడుతున్న మాట మాత్రం నిజమే. సాఫ్ట్‌వేర్ కంపెనీల కూటమి బీఎస్ఏ వేసిన లెక్కలో 2017లో మన దేశపు కంప్యూటర్లలో ఎక్కించిన సాఫ్ట్‌వేర్‌లో 56 శాతం లైసెన్సు లేనిది. సగానికి పైనే.

ఈ గొడవ కొత్తది కాదు. 1976లో బిల్ గేట్స్ ఇరవై ఏళ్ల కుర్రాడు. ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటర్‌కు బేసిక్ భాష రాసి అమ్ముతున్నాడు. కొన్నవాళ్ల కంటే కాపీ చేసుకున్నవాళ్లే ఎక్కువని కోపం వచ్చి కంప్యూటర్ అభిరుచి ఉన్నవాళ్లందరికీ బహిరంగ లేఖ రాశాడు. వాడేవాళ్లలో పదో వంతు కూడా కొనలేదని, వచ్చిన డబ్బుతో లెక్కేస్తే తమ కష్టానికి గంటకు రెండు డాలర్లు కూడా పడలేదని అందులో వాపోయాడు. ఆ కుర్రాడి కోపం నాకు అర్థమవుతుంది. నేను గీసిన శుభలేఖ డిజైన్‌ను పక్క ఊర్లో స్కాన్ చేసి వేసుకుంటే నాకూ కడుపు మండుతుంది.

అదే మనిషి 1998 నాటికి లోకంలో అందరికంటే ధనవంతుడు. చైనాలో కంప్యూటర్లు లక్షల్లో అమ్ముతున్నా సాఫ్ట్‌వేర్‌కు ఎవరూ డబ్బు కట్టడం లేదన్న మాట వచ్చినప్పుడు, ఎలాగూ దొంగిలిస్తారు కాబట్టి మాదే దొంగిలించనీ, అలవాటు పడ్డాక వసూలు చేసుకునే దారి తర్వాత చూసుకుంటాం అన్న అర్థం వచ్చేలా విద్యార్థుల ముందే చెప్పాడు. అచ్చయిన మాటే. నేను కల్పించింది కాదు.

మరి రేటు? 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు హోమ్ రకం అమెరికాలో 119 డాలర్లు, మన దగ్గర 7,999 రూపాయలు. అప్పటి డాలరు రేటుతో గుణించి చూడండి, దాదాపు సమానం. అమెరికాలో ఉద్యోగి ఒకటి రెండు రోజుల్లో సంపాదించేదీ, వై.వి. స్ట్రీట్‌లో బట్టల కొట్టు గుమాస్తా నెలంతా నిలబడి సంపాదించేదీ ఒకే తక్కెడలో వేశారు. అందుకే అసెంబుల్డ్ సిస్టమ్ అమ్మినవాడు ‘విండోస్ ఫ్రీ సార్’ అంటే జనం నమ్మారు. నమ్మారో, నమ్మినట్టు నటించారో.

సరే, ఇదంతా ఎవరైనా చెప్తారు. నేను చెప్పాలనుకున్నది నా తాళం సంగతి.

షాపు పెట్టిన కొత్తలో ఒక కంపెనీ తెలుగు ఫాంట్ల ప్యాకేజీ బిల్లుతో సహా కొన్నాను. కంపెనీ పేరు చెప్పను. నా షాపు ఆరు నెలల అద్దె దానికే పోయింది. ‘వంద రూపాయలకు సీడీ దొరుకుతుంటే నీకేం పట్టిందన్నా’ అని తోటి డీటీపీ వాళ్లు నవ్వారు. తెలుగు ఫాంటు గీయడమంటే యాభై ఆరు అక్షరాలు గీసి చేతులు దులుపుకోవడం కాదు. ప్రతి హల్లుకూ గుణింతం కూర్చాలి, ఒత్తు కింద వాలాలి, క్రావడి పక్క అక్షరాన్ని గుద్దకుండా తిరగాలి. అంత చేసినవాడికి కూలి ఇవ్వాలనే కొన్నాను.

సీడీతో పాటు ఒక తాళం ఇచ్చారు. అగ్గిపెట్టెంత ఉంటుంది. కంప్యూటర్ వెనక ప్రింటర్ పోర్టుకు దాన్ని బిగించి, దాని వెనక ప్రింటర్ వైరు తగిలించాలి. అది ఉంటేనే తెలుగు వస్తుంది, లేకపోతే రాదు. డాంగిల్ అంటారు, మేము లాక్ అనేవాళ్లం. పని చేసినన్నాళ్లు బాగానే చేసింది.

ఒక మాఘమాసం, పెళ్లిళ్ల సీజన్ మంచి ఊపులో ఉంది. కరెంటు హెచ్చుతగ్గులకు మదర్‌బోర్డు కాలిపోయింది. మెకానిక్ సాయంత్రానికి కొత్త బోర్డు వేశాడు. వెనక్కి తిప్పి చూస్తే ఆ ప్రింటర్ పోర్టే లేదు. అప్పటికే బోర్డుల కంపెనీలు దాన్ని తీసేసి అన్నిటికీ యూఎస్‌బీ పెడుతున్నాయి. కంపెనీకి ఫోన్ చేశా.

‘సార్, మీది పాత వెర్షన్. యూఎస్‌బీ లాక్ కొత్త వెర్షన్‌కే వస్తుంది.’

‘అయితే మార్చివ్వండి.’

‘మార్చడం ఉండదు సార్, కొనుక్కోవాలి.’

‘నా దగ్గర బిల్లు ఉందమ్మా.’

‘బిల్లు జాగ్రత్తగా పెట్టుకోండి సార్.’

ఎదురుగా వేంపల్లె నుంచి వచ్చిన పెద్దాయన కూర్చుని ఉన్నాడు, కూతురి పెళ్లి కార్డుల కోసం. ‘ఏం నాయనా, ఇంకా కాలేదా?’ అన్నాడు. తాళం పట్టడం లేదు పెద్దాయనా అన్నా. ‘నీ తాళం నువ్వు చూసుకో నాయనా, నాకు ముహూర్తం ముంచుకొస్తాంది’ అన్నాడు. ఆయన మాటలో తప్పేముంది?

పక్క షాపు తమ్ముడు చూసి జాలిపడ్డాడు. ‘అన్నా, నా దగ్గరకి రా. నాది లాక్ లేకుండానే నడుస్తాది’ అన్నాడు. వెళ్లి చూస్తే అదే ప్యాకేజీ, కంపెనీ వాళ్లు నాకు ఇవ్వని ఫాంట్లు కూడా అందులో ఉన్నాయి. బిల్లున్న నేను, బిల్లు లేని తమ్ముడి షాపులో స్టూలు మీద కూర్చుని ఆ పెళ్లి కార్డులు కొట్టాను. ఇప్పుడు చెప్పండి, ఆ తాళం ఎవరికి వేశారు? దొంగ దాన్ని ఎప్పుడో తీసి పారేశాడు. మిగిలింది నేను.

నా ఒక్కడి ఖర్మ అనుకోవద్దు. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పుడు యాక్టివేషన్ అని, కొన్న కాపీని కంపెనీ ఒప్పుకుంటేనే నడిచే పద్ధతి పెట్టారు. కంప్యూటర్ భాగాలు ఎక్కువగా మారిస్తే మళ్లీ యాక్టివేట్ చేసుకోవాలి, ఒక్కోసారి ఫోన్ చేసి అంకెలన్నీ చదివి వినిపించాలి. పెద్ద కంపెనీలకు ఇచ్చే రకానికి మాత్రం యాక్టివేషన్ లేదు. ఆ రకం తాళంచెవి విడుదలకు ముందే బయటికి పొక్కింది. ఇక సందుల్లో అమ్మిన దొంగ సీడీలన్నీ దాంతోనే నడిచాయి. దొంగకు ఫోన్ చేసే పనే లేదు! తర్వాత అసలు కాపీయా నకిలీయా అని ఇంటర్నెట్‌లో తనిఖీ చేసే పద్ధతి తెచ్చారు. 2007 ఆగస్టులో ఆ తనిఖీ సర్వర్లే పాడై, డబ్బు కట్టి కొన్న వేలమందిని ‘మీది దొంగ కాపీ’ అని తేల్చేశాయి. వాళ్లలో తర్వాతి రకం విండోస్ విస్టా వాడేవాళ్లకు కొన్ని సౌకర్యాలు కూడా ఆగిపోయాయి. మళ్లీ అంటున్నా, కొన్నవాడికే తాళం.

మన చట్టమే ఇంకోచోట ఏమంటుందో తెలుసా? ప్రోగ్రామ్‌ను సక్రమంగా కొన్నవాడు పోగొట్టుకోకుండా ఉండడానికి బ్యాకప్ కాపీ తీసుకోవచ్చు, అది నేరం కాదు. చట్టం తీసుకోమంటుంది, తాళం తీసుకోనివ్వదు.

ప్రిన్సిపాల్ గారు చీటీ పంపారు, ముగించమని. ముగిస్తా సార్. ఒక్కటి మిగిలింది.

ఆ పెళ్లి అయిపోయింది, నా బాధ అవలేదు. మా తెలుగు మాస్టారు రాసుకున్న జ్ఞాపకాలను 2003లో నేనే కంపోజ్ చేసి పుస్తకం వేశాను. ఆయన పోయాక కొడుకు వచ్చి, మళ్లీ వేద్దాం అంకుల్, ఫైలు ఇవ్వండి అన్నాడు. సీడీ దొరికింది, ఫైలూ తెరుచుకుంది. తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కామాలు. ఆ రోజుల్లో ఫాంట్లు ఇంగ్లీషు అక్షరం ఉండాల్సిన చోట తెలుగు బొమ్మ పెట్టి నడిపించేవి. ఒక్కో కంపెనీది ఒక్కో వరస. ఆ ఫాంటు ఉంటేనే అది తెలుగు, ఫాంటు తాళం వెనక ఉంది, తాళం పెట్టడానికి పోర్టు లేదు. అప్పటికే యూనికోడ్ ఉంది, అంటే ప్రతి భాష అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే నంబరు ఇచ్చే పద్ధతి. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. మా అచ్చు రంగం దాని వైపు చూడలేదు, ఇప్పటికీ పూర్తిగా చూడడం లేదు. చివరికి పుస్తకం పక్కన పెట్టుకుని మొత్తం మళ్లీ టైపు చేయించాల్సి వచ్చింది.

ఇది జరిగింది ఏ ఊర్లో? 1820లో సి.పి. బ్రౌన్ వచ్చిన ఊర్లో. ఆయన ఇక్కడ బంగళా కొని, పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి, చెదలు తింటున్న తాళపత్రాలు తెప్పించి, పాఠాలు పోల్చి నకళ్లు రాయించాడు. ఆయన వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇవాళ బ్రౌన్ గ్రంథాలయం ఉంది, పిల్లలూ, చూడకపోతే వెళ్లి చూడండి. ఆయన రాయించిన నకళ్లను ఇప్పుడు కూడా కూర్చుని చదువుకోవచ్చు. 2003లో నా చేత్తో కొట్టిన ఫైలు నేను చదవలేకపోయాను.

అయితే దొంగ కాపీ వాడమంటావా అని లెక్చరర్ గారు అడిగేలా ఉన్నారు. లేదు సార్. తాళం పగలగొట్టిన విండోస్ వాడేవాళ్లలో చాలామంది దొరికిపోతామన్న భయంతో అప్‌డేట్లు ఆపేస్తారు. 2017 మే నెలలో వాన్నాక్రై వైరస్ లోకమంతా తిరిగింది. దానికి మందు మార్చిలోనే విడుదలైంది. అప్‌డేట్ వేసుకోని కంప్యూటర్లే పడిపోయాయి, మన రాష్ట్ర పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా కొన్ని ఆగిపోయాయి. ఇక పగలగొట్టే ప్రోగ్రామ్‌తో పాటు లోపలికి ఏం వస్తుందో ఇచ్చినవాడికే తెలియదు.

నేనంటున్నది తాళం అవసరం లేనిది వాడమని. విండోస్ బదులు కంప్యూటర్‌ను నడిపించేందుకు లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లైనక్స్ ఉంది, పైసా కట్టక్కర్లేదు, కాపీ చేసి స్నేహితుడికిచ్చినా నేరం కాదు. 2011 దాకా ఉబుంటు అనే రకం లైనక్స్ వాళ్లు అడిగినవాళ్లకు సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవాళ్లు. మా ఇంటికి విదేశీ కవరు వస్తే ఏదో లాటరీ మోసమని మా ఆవిడ పోస్ట్‌మ్యాన్‌కు తిరిగి ఇచ్చేయబోయింది. తెలుగులో లైనక్స్ కోసం హైదరాబాద్‌లోని స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు చాలా పని చేశారు. కేరళ ప్రభుత్వ బడులు ఏనాడో లైనక్స్‌కు మారాయి. దాంతో 3,000 కోట్లు మిగిలాయని వాళ్ల సంస్థ 2019లో చెప్పుకుంది. లెక్క కొంచెం ఉదారంగా వేసుకున్నట్టుంది, సగం నిజమైనా చాలు.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి, దాచను. అచ్చు ప్లేట్లు తీసే చోట నేటికీ పేజీలు కూర్చే పాత ప్రోగ్రామ్ పేజ్‌మేకర్ ఫైలే అడుగుతారు, ఆ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001 నాటిది. స్క్రైబస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో చాలా ఏళ్లు తెలుగు ఒత్తులు విడిపోయి పక్కన పడేవి. ఇప్పుడు సరిగా వస్తున్నాయి కానీ మా కుర్రాళ్ల చేతివేళ్లు పాత కీబోర్డుకే అలవాటు పడ్డాయి. నా షాపులో ఇప్పటికీ ఒక విండోస్ మిషన్ ఉంది, బిల్లు ఉన్నదే.

పూర్వ విద్యార్థుల సంఘం వారికి ఒక విన్నపం. ఈ గదిలో సగం కంప్యూటర్లు బెంగళూరు ఆఫీసుల్లో వాడి ఇచ్చినవని ఇందాక చెప్పారు, మంచి పని. వాటిలో విండోస్ 10 ఉంది, దానికి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, కొత్త రకం ప్రాసెసర్ కావాలంటారు. ఈ పాత వాటిలో చాలా వాటికి అవి లేవు. అప్పుడు ఎవరో ఒక కుర్రాడు క్రాక్ తెచ్చి వేస్తాడు, ఆ బాధ్యత ‘విద్యార్థులది’ అని మళ్లీ నాతోనే పత్రిక కొట్టిస్తారు. ఆ పని రాకముందే వాటిలో లైనక్స్ మింట్ అనే రకం లైనక్స్ వేయించండి. కొత్తవి కొంటే బిల్లులో మిషన్ రేటు, విండోస్ రేటు విడిగా రాయమని అడగండి. తెలుగులో ఏది టైపు చేసినా యూనికోడ్‌లోనే చేయించండి.

వేసేవాళ్లు లేరంటారా? ఆదివారం మా షాపు మూసే ఉంటుంది, నేను ఖాళీ. పిల్లలు ఎవరొచ్చినా నేర్పిస్తా. 8 జీబీ పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి. కంప్యూటర్‌లో ఉన్న ఫోటోలు, ఫైళ్లు ముందే ఇంకోచోట కాపీ చేసుకుని రండి, పోయాక నన్ను అడగొద్దు. ఏడురోడ్ల కూడలి దగ్గర ఎవరినడిగినా షాపు చూపిస్తారు. సెలవు.