ముందుగా నేర్పవలసిన మాట ‘వద్దు’

సభకు నమస్కారం. పిల్లలను వెంటబెట్టుకొని వచ్చినవారు చాలామంది ఉన్నారు కాబట్టి మైకు శబ్దం బాగా తగ్గించమని నిర్వాహకులను నేనే కోరాను. వెనుక వరుసలలో సరిగ్గా వినిపించకపోతే దయచేసి ముందుకు వచ్చి కూర్చోండి. పిల్లలు లేచి తిరిగినా, కేకలు పెట్టినా ఎవరూ వారిని ఆపనక్కరలేదు, ఎవరికీ క్షమాపణ చెప్పుకోనక్కరలేదు.

పంతొమ్మిదేళ్ళుగా స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేస్తున్న నేను ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రుల నోట ఎక్కువగా వినే ప్రశ్న ఒకటుంది. “మేడమ్, బాబుకు బిహేవియర్ థెరపీ పెట్టించమంటారా, వద్దంటారా?” అది తప్పనిసరి అని డాక్టరుగారు చెప్పి ఉంటారు. ఇంటికి వెళ్ళి ఫోన్‌లో వెతికితే, ఆటిజంతో పెరిగి పెద్దయినవారు ఆ థెరపీ తమను ఎంత బాధపెట్టిందో చెప్పుకోవడం కనిపిస్తుంది. రెండు మాటలూ నిజమే. ఒకే పద్ధతి ఒక బిడ్డకు మేలు చేసి మరొక బిడ్డను ఎలా నొప్పించగలదో, నేను చూసినంతవరకు, నేను చేసినంతవరకు మీ ముందు పెట్టడానికి వచ్చాను.

ఆ బిహేవియర్ థెరపీకి మూలమైన అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్, వాడుకలో ఏబీఏ, అంటే ఏమిటో ముందు చూద్దాం. ఒక పనికి ముందు ఏం జరిగింది, బిడ్డ ఏం చేశాడు, ఆ వెంటనే ఏం జరిగింది అనే మూడింటినీ ఓపికగా గమనించి, రాసుకొని, ముందువెనుకల జరిగేదాన్ని మార్చి తద్వారా ప్రవర్తనను మార్చే విధానం ఇది. పెద్ద పనిని చిన్న మెట్లుగా విడగొట్టడం దీనిలోని గొప్ప నేర్పు. అన్నం కలుపుకొని తినడం మనకు ఒక్క పనిలాగే కనిపిస్తుంది. కానీ పప్పును అన్నం మీదకు లాగాలి, వేళ్ళతో కలపాలి, ముద్ద చేయాలి, అది విడిపోకుండా నోటిదాకా తేవాలి, బొటనవేలితో లోపలికి నెట్టాలి. చేతికి తడి అంటితే సహించలేని బిడ్డ రెండో మెట్టు దగ్గరే ఆగిపోతాడు, ఇంట్లోవాళ్ళు దాన్ని మొండితనం అనుకుంటారు. ఎక్కడ ఆగిపోయాడో పట్టుకొని, అక్కడ చేయి అందించి, మెల్లమెల్లగా ఆ చేయి వెనక్కు తీసుకోవడం నాకు ఈ విద్యే నేర్పింది. పళ్ళు తోముకోవడం, బాత్‌రూమ్‌కు వెళ్ళాలని తెలపడం, రోడ్డు మీద మన చేయి విడిపించుకొని పరుగెత్తకుండా నిలబడటం ఇలా నేర్చుకున్న పిల్లలను ఎందరినో చూశాను. ఆ మేలును నేను ఎప్పటికీ తక్కువ చేసి మాట్లాడలేను.

ఈ పద్ధతికి ఇంత పేరు రావడానికి ముఖ్య కారణం లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఐవర్ లోవాస్ 1987లో ప్రచురించిన అధ్యయనం. వారానికి సుమారు 40 గంటల చొప్పున రెండేళ్ళు, అంతకు మించి శిక్షణ పొందిన 19 మంది చిన్నపిల్లలలో 9 మంది మామూలు బడిలో ఒకటో తరగతి పూర్తిచేశారనీ, తెలివితేటల పరీక్షలలో సాధారణ స్థాయిని అందుకున్నారనీ ఆయన రాశారు. వారానికి 40 గంటలన్న లెక్క ప్రపంచమంతా పాకింది అప్పటినుంచే. అయితే ఏ బిడ్డ ఎక్కువ గంటల శిక్షణ జట్టులో, ఏ బిడ్డ పోలిక కోసం పెట్టిన తక్కువ గంటల జట్టులో చేరాలన్నది ఆ అధ్యయనంలో చీటీ తీసినట్టుగా నిర్ణయించలేదు. అంతకన్నా బాధ కలిగించే సంగతి, బిడ్డ మీద గట్టిగా ‘నో’ అని అరవడం, తొడ మీద చరచడం ఆ శిక్షణలో భాగాలుగా ఉన్నాయి.

తరువాతి పరిశోధనలు ఆ ఆశను కొంత నిలబెట్టాయి, కొంత తగ్గించాయి. చిన్నవయసులో ఎక్కువ గంటలు ఇచ్చే బిహేవియర్ థెరపీపై 2018లో వెలువడిన, వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి తూచి చూసే కాక్రేన్ సంస్థ సమీక్షకు దొరికినవి 5 అధ్యయనాలు, వాటిలోని పిల్లలు 219 మంది. రోజువారీ పనులలోనూ మాటలోనూ కొంత మెరుగుదల ఉందని, అయితే ఆధారం బలహీనమని, ఆటిజం లక్షణాల తీవ్రత తగ్గిందనడానికి మాత్రం రుజువు కనిపించలేదని ఆ సమీక్ష తేల్చింది. అందుకే “ఆరు నెలల్లో నార్మల్ చేస్తాం” అని ఎవరైనా అంటే ఆ గుమ్మం దిగి వచ్చేయండి. ఆటిజం నయం చేసుకోవలసిన జబ్బు కాదు, ఆ బిడ్డ మెదడు లోకాన్ని అందుకునే తీరు.

ఈ విద్య ఇచ్చిన అత్యంత విలువైన కానుక, నా దృష్టిలో, 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డురాండ్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించినది. బిడ్డ కొరకడం, గిల్లడం, తల బాదుకోవడం వెనుక ఒక మాట ఉంటుందని, ఆ మాటను వేరే విధంగా చెప్పగలిగే దారి చూపితే కొట్టుకోవడం తగ్గిపోతుందని వారు నిరూపించారు. నా దగ్గరకు వచ్చిన ఒక ఆరేళ్ళ పాప, మాటలు రావు, రోజూ ఉదయం గోడకు తల బాదుకునేది. నుదుటి మీద ఒకేచోట తోలు గట్టిపడిపోయింది. పట్టించుకోకండి, తనే మానేస్తుంది అని అంతకుముందు ఎవరో సలహా ఇచ్చారు. వాళ్ళమ్మగారు, నేను కలిసి వారం రోజులు నోటుపుస్తకంలో రాశాం. ఏ వేళకు, ముందు ఏం జరిగింది, ఇంట్లో ఎవరున్నారు. వారం తిరిగేసరికి పేజీల నిండా ఒకటే మాట కనిపించింది, మిక్సీ. అప్పుడు ఎర్రటి అరచేయి బొమ్మ ఉన్న ఒక కార్డు తయారుచేసి వంటింటి తలుపుకు వేలాడదీశాం. పాప ఆ కార్డు తెచ్చి ఇస్తే చట్నీ సగంలో ఉన్నా సరే మిక్సీ ఆగిపోవాలి. సుమారు మూడు వారాలు పట్టింది. ఆ తరువాత వాళ్ళమ్మగారు మిక్సీ జార్ ముందుగా పాపకు చూపించేవారు, పాప తనంతట తానే పెరట్లోకి వెళ్ళి నిలబడేది. ఆ పాప జీవితంలో మొదటి మాట ‘అమ్మ’ కాదు, ‘ఆపు’. నోటితో చెప్పలేదు గానీ, చెప్పింది.

ఇప్పుడు రెండో వైపు. నా ఉద్యోగం తొలి రోజుల్లో, అప్పట్లో నేను పనిచేసిన ఒక కేంద్రంలో, నాలుగున్నరేళ్ళ బాబు ఒకడు తిరుగుతున్న ఫ్యాన్‌ను చూస్తూ సంతోషంతో రెండు చేతులూ రెక్కల్లా ఆడించేవాడు. దాన్ని తగ్గించాలని ఫైలులో లక్ష్యంగా రాసుకున్నాం. చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటే బిస్కెట్ ముక్క, ఆడిస్తే బిస్కెట్ లేదు. రెండు నెలల్లో గ్రాఫులో గీత చక్కగా కిందికి దిగింది, ఇంట్లోవాళ్ళు సంతోషించారు, నేనూ గర్వపడ్డాను. ఆ నెలల్లోనే బాబు చొక్కా కాలరు కొరకడం మొదలుపెట్టాడు. సెషన్ ముగిసేసరికి ఛాతీ వరకు చొక్కా తడిసిపోయేది. దాన్ని మేము మరొక ‘సమస్య’గా ఫైలులో రాసుకున్నాం. ఆ చేతులు ఎవరికీ హాని చేయలేదనీ, వాడి ఆనందాన్నీ ఆందోళననూ మోసే దారిని మేము మూసేశామనీ నాకు అర్థమయ్యేసరికి వాడు ఆ కేంద్రం వదిలి వెళ్ళిపోయాడు. ఆ తడిసిన చొక్కా నేను మరచిపోలేను.

ఆటిజం ఉన్న పెద్దవారు చెబుతున్నది దీని గురించే. కళ్ళలోకి చూడమని పదేపదే గడ్డం పైకెత్తిన చేతులను, నచ్చని పని పూర్తయ్యేదాకా కుర్చీ దిగనివ్వని గంటలను వారు గుర్తుంచుకున్నారు. తమ సహజ స్వభావాన్ని దాచిపెట్టి ఇతరులలా నటించడం అలవాటై, దానితో అలసిపోయి, ఆందోళనకు లోనైనవారున్నారు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఒక సంస్థ ఒంటికి విద్యుత్ షాక్ ఇచ్చే పరికరాన్ని ఇదే విద్య పేరిట వాడింది. 2020లో ప్రభుత్వం దానిపై నిషేధం విధిస్తే 2021లో కోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. మన దగ్గర యంత్రాలు లేవు, కానీ “ఒక్కటి తగిలిస్తే దారికొస్తాడు” అనే మాట ప్రతి ఇంట్లోనూ ఉంది. థెరపీ వల్ల పిల్లలకు కలిగిన హానిని నమోదు చేసిన పరిశోధనలే చాలా తక్కువ కావడం ఈ రంగానికి సిగ్గుచేటు. పెద్దవాళ్ళు ఏం చెప్పినా చేయడమే మంచితనమని వేల గంటలు నేర్చుకున్న బిడ్డ, రేపు ఒక చెడ్డవాడు ఒంటి మీద చేయి వేస్తే ‘వద్దు’ అని ఎలా అంటుంది? తల్లులారా, ఈ ఒక్క ప్రశ్న కోసమే నేను ఈ సభకు ఒప్పుకున్నాను.

మన తెలుగు ఇళ్ళకు ప్రత్యేకమైన నష్టం మరొకటి ఉంది. బిడ్డ అయోమయపడతాడని చెప్పి ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని సలహా ఇచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. రెండు భాషలు వినడం ఆటిజం ఉన్న పిల్లల మాటకు అడ్డు అనడానికి పరిశోధనలలో ఆధారం లేదు. ఆ సలహా వల్ల ‘యాపిల్’ కార్డు గుర్తుపట్టే బిడ్డకు తాతయ్య, అమ్మమ్మ మాట్లాడే మాటలు దూరమవుతాయి. పెద్దవాళ్ళ ఒడిలో దొరికే సాధన ఏ సెషన్ రుసుముకూ దొరకదు.

గంటకింత అని ఫీజు కట్టలేని వారి కోసం ఒక సంగతి చెప్పాలి. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో జరిగిన ఒక ప్రయోగ ఫలితాలు 2016లో వెలువడ్డాయి. నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలే తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చారు. బిడ్డకు ఆజ్ఞలివ్వడం కాకుండా, బిడ్డ చూసేదాన్ని చూసి, చేసేదానికి బదులివ్వడం అందులోని సారం. తల్లిదండ్రుల స్పందన మెరుగుపడింది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. అన్ని కొలతలలోనూ లాభం రాలేదు. కానీ ఇంట్లో, సొంత భాషలో, కన్నవాళ్ళ చేతుల మీదుగా ఇంత సాధ్యమని తెలిసింది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ ఉంది. ఆటిజం వంటి వైకల్యాలున్నవారి కోసం చేసిన 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద వచ్చిన నిరామయ ఆరోగ్య బీమాలో లక్ష రూపాయల వరకు వైద్యం, థెరపీ ఖర్చు పొందవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని వైకల్యాలలో ఒకటిగా స్పష్టంగా గుర్తించింది. ఈ మూడింటినీ వదులుకోకండి.

కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు గది లోపలికి రానిస్తారా అని అడగండి, తలుపు మూసే చోట బిడ్డను వదలకండి. ఈ రంగంలోని నిపుణులకు భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి మొహమాటపడకండి. లక్ష్యాల కాగితం తీసుకొని, ఒక్కొక్క లక్ష్యం పక్కన అది బిడ్డకు ఉపయోగమా, చూసేవాళ్ళకు సౌకర్యమా అని రాసుకోండి. వారం చివర బిడ్డకు ఊరికే ఆడుకునే సమయం ఎంత మిగిలిందో లెక్కపెట్టండి. చివరగా, “మా పాప ‘వద్దు’ అంటే మీరు ఏం చేస్తారు?” అని థెరపిస్టును అడిగి, ఆమె జవాబు పూర్తయ్యేవరకు ఓపికగా వినండి.

ఇక మీ ప్రశ్నలు వింటాను. పిల్లలతో వచ్చినవారు ముందు అడగండి, వాళ్ళు ఇప్పటికే చాలాసేపు కూర్చున్నారు.