పిట్ట ముట్టే దాకా

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈ రోజు హనుమకొండలో మా అక్క ఇంటి వంటగదిలో కూర్చుని మాట్లాడుతున్నాం. మధ్యలో రుబ్బే చప్పుడు వినిపిస్తే అది గారెల పిండి. ఈ రోజు పెత్రమాస, భాద్రపద అమావాస్య. పొద్దున పోయిన పెద్దల పేరున అయ్యగారికి బియ్యం ఇస్తాం, సాయంత్రం బతుకమ్మ మొదలవుతుంది. నిరుడు బాపు చనిపోయిన నెలలోనే పెత్రమాస వచ్చింది. అప్పటికి సంవత్సరీకం కాలేదు కాబట్టి బాపు పేరున బియ్యం ఇవ్వలేదు. తాతలతో పాటు బాపు పేరు కూడా చెప్పి ఇచ్చింది ఈ పొద్దున్నే, మొదటిసారి.

అక్క: అయ్యగారు గోత్రం అడిగి, పేర్లు చెప్పమన్నప్పుడు నువ్వు ఆగిపోయావు.

తమ్ముడు: ఆగిపోయాను. తాత పేరు, ముత్తాత పేరు చెప్పడం అలవాటే. వాళ్ల వరుసలో బాపు పేరు పలకాల్సి వచ్చేసరికి నోరు రాలేదు. ఏడాదిగా ఏడవని వాణ్ని, బియ్యం, పప్పు, చింతపండు పెట్టిన ఆ విస్తరి ముందు ఏడ్చాను.

అక్క: నాకు ఆ ఏడుపు మూడో రోజే వచ్చింది, పిట్టకు పెట్టినప్పుడు. ఆ సంగతి చెప్పు, వినేవాళ్లలో పట్నంలో పుట్టిన పిల్లలు కూడా ఉంటారు.

తమ్ముడు: పరకాల దగ్గర మా ఊరు. చెరువు కట్ట కింద విస్తరి వేసి బాపుకు ఇష్టమైనవన్నీ పెట్టాం. అన్నం, బోటి కూర, ఒక సీసా కల్లు, బీడీ కట్ట. పిట్ట అంటే కాకి. అది వచ్చి ముట్టే దాకా ఎవరూ కదలకూడదు, అన్నం తినకూడదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. కాకులు చింతచెట్టు మీద ఉన్నాయి, దిగడం లేదు. పెద్దమనుషులు మొదలుపెట్టారు: 'ఆయన మనసులో ఏదో ఉండిపోయింది. ఎవరికి ఏం చెప్పాలని ఉందో చెప్పుకోండి' అని.

అక్క: ముందు నువ్వు చెప్పావు.

తమ్ముడు: అమ్మను నా దగ్గర ఉంచుకుంటానని చెప్పాను. పిట్ట రాలేదు. నువ్వు చెప్పావు, రాలేదు. అప్పుడు చిన్నబాపు లేచాడు. పొలం గట్టు దగ్గర ఆయనకూ బాపుకూ తగాదా. మూడేళ్లు మాటల్లేవు. ఆసుపత్రికి కూడా రాలేదు. విస్తరి దగ్గరికి వెళ్లి, 'అన్నా, ఆ గట్టు నాకొద్దు, నువ్వు తిను' అన్నాడు.

అక్క: అప్పుడు కూడా వెంటనే రాలేదు. మనుషులు దగ్గరగా నిలబడితే కాకి ఎలా దిగుతుంది? నేనే అందరినీ వెనక్కి జరిపాను. తరువాత వచ్చింది.

తమ్ముడు: కాకి ఎందుకు వచ్చిందో నేను వాదించను. ఊరంతా చూస్తుండగా చిన్నబాపు అన్న మాట మాత్రం ఉండిపోయింది. లాయరు నోటీసుతో కాని పని ఒక విస్తరి ముందు అయింది. ఆకలితో, ఎండలో, కదలకూడదన్న కట్టుబాటుతో అంతమందిని ఒకచోట నిలబెడితే తప్ప ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చేది కాదు. అందుకే ఈ తంతును మూఢనమ్మకం అని ఒక్క మాటతో తీసేసే వాళ్లతో నేను ఒప్పుకోలేను.

అక్క: ఒప్పుకోవద్దు. కానీ నా మాట కూడా విను. దింపుడు గల్లం దగ్గర నన్ను ఆపేశారు.

తమ్ముడు: అవును.

అక్క: పాడె దించారు. చెవి దగ్గర మూడుసార్లు పిలవమన్నారు. ప్రాణం ఏమైనా మిగిలి ఉంటే పలుకుతాడని చివరి ఆశ. నువ్వు 'బాపూ' అని మూడుసార్లు పిలిచావు. నాకూ పిలవాలని ఉండింది. ఆడపిల్ల ఇక్కడి నుంచే వెనక్కి తిరగాలి అన్నారు. ఆ ఆరు నెలలూ ఆసుపత్రి మంచం పక్కన ఎవరు పిలిస్తే బాపు కళ్లు తెరిచాడు? నేను పిలిస్తేనే. ఆ ఒక్క పిలుపు నాకు ఇంకా గొంతులోనే ఉంది.

తమ్ముడు: నేను అడ్డు చెప్పాల్సింది అక్కా. ఆ రోజు నాకు తోచలేదు.

అక్క: పదో రోజు మాత్రం నేను ఊరుకోలేదు. తెల్లవారకముందే అమ్మను లేపి, పసుపు రాసి, గాజులు నిండా తొడిగి, మళ్లీ పగలగొట్టడానికి వచ్చారు. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన మనిషిని! వాళ్లంతా అమ్మను ప్రేమించేవాళ్లే, అదే నాకు బాధ. తలుపుకు అడ్డం నిలబడ్డాను. 'గాజులు తీసేయాలనిపిస్తే అమ్మే తీసేసుకుంటుంది' అన్నాను. అమ్మ రెండు గాజులు ఉంచుకుంది, ఇప్పటికీ అవే ఉన్నాయి. పిట్టకు పెట్టడం మనుషుల్ని దగ్గరికి తెచ్చింది. గాజులు పగలగొట్టడం ఒక మనిషిని అందరిలోంచి విడదీస్తుంది. రెండూ ఆచారమే కదా అని ఒకే గంపలో వేయకండి.

తమ్ముడు: ఇక్కడ ఇంకో మాట చెప్పాలి, అద్దె ఇళ్ల గురించి. నేనుండే వీధిలో ఒకాయన ఆసుపత్రిలో చనిపోతే ఇంటి యజమాని శవాన్ని గేటు లోపలికి రానివ్వలేదు. కొన్ని నక్షత్రాల్లో ప్రాణం పోతే ఇల్లు నెలల తరబడి మూసిపెట్టాలని భయం. రోడ్డు పక్కన టెంటు వేసి, ఐస్ పెట్టె పెట్టారు. వానలో ఆయన భార్య పెట్టె మీద చీర కొంగు కప్పింది. మన ఊళ్లో ఎవరైనా పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు, పక్కింటివాళ్లు అన్నం, చారు తెచ్చి పెడతారు. అదే మైల. ఊళ్లో అది అన్నం తెచ్చింది, పట్నంలో గేటు వేసింది.

అక్క: అద్దెకున్నవాళ్లు కూడా ఆ ఇంట్లో బతికినవాళ్లే కదా. నాకైతే ఆ మాట తలుచుకుంటేనే కోపం వస్తుంది.

తమ్ముడు: చావును దూరం పెట్టనివాళ్లూ మన పక్కనే ఉన్నారు. కరీంనగర్ కార్ఖానగడ్డలో కొన్ని దళిత కుటుంబాలు దీపావళిని శ్మశానంలో చేసుకుంటాయి. సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, పోయినవాళ్లకు ఇష్టమైన తిండి పెట్టి, దీపాలు వెలిగిస్తారు. పిల్లలు అక్కడే టపాకాయలు కాలుస్తారు. మిత్రుడి వెంట వెళ్లాను ఒకసారి. చిన్న పిల్లకు వాళ్ల నాయనమ్మ సమాధి చూపించి, 'ఈమె నిన్ను చూడలేదు, నమస్కారం పెట్టు' అంటున్నారు.

అక్క: మనకు ఆ సమాధి లేదు. కాళేశ్వరంలో కలిపి వచ్చాం.

తమ్ముడు: ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట. గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి యముడిది, ఒకటి ముక్తేశ్వరుడిది. అమ్మ ఆ రెంటినీ చూసి, 'తీసుకుపోయినవాడూ విడిపించేవాడూ ఒక్కచోటే కూర్చున్నారు' అన్నది. ఆ తరువాత బస్సులో దారంతా మాట్లాడలేదు.

అక్క: నిరుడు ఇదే రోజు ఏమైందో గుర్తుందా? పోయిన ఏడాది ఇంట్లో పండుగ లేదు, బతుకమ్మ పేర్చలేదు. సాయంత్రం పక్కింటి పిల్ల గునుగు పూలు తెచ్చుకుని, రంగు అద్దడం రాక మన గుమ్మంలో కూర్చుంది. అమ్మ లోపలి నుంచి వచ్చి, ఒక్క మాట కూడా అనకుండా గిన్నెలో రంగు కలిపి, కట్ట కట్టలుగా ముంచి ఇచ్చింది. ఆ రాత్రి అమ్మ చేతులు ఊదా రంగులో ఉన్నాయి. అన్నం కలుపుతుంటే చూశాను.

తమ్ముడు: ఈ రోజు వేయిస్తంభాల గుడికి వస్తుందా మరి? ముత్తైదువలే ఆడాలని ఎవరో అన్నారని విన్నాను.

అక్క: అన్నారు. అమ్మ ఏమీ అనలేదు. పొద్దున బియ్యం ఇచ్చి వచ్చాక, నువ్వు పడుకున్నప్పుడు, సంచి తీసుకుని వెళ్లింది.

తమ్ముడు: ఎక్కడికి?

అక్క: తంగేడు పూలకు. ఇందాక వచ్చింది. వరండాలో తాంబాళం పెట్టుకుని పేరుస్తున్నది. గారెలు అయ్యాక రమ్మన్నది, పెద్ద వరుసలకు చేతులు సరిపోవడం లేదట.