5 వోల్టుల బఫర్ 3.5 దగ్గరే ఎందుకు ఆగిపోతుంది?

నమస్కారం. ఆప్-ఆంప్ (సిగ్నల్‌ను పెంచే చిప్) ఔట్‌పుట్‌ను దాని మైనస్ ఇన్‌పుట్‌కే కలిపితే అది బఫర్. దాని గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే రెట్లు, 1 కాబట్టి ఎంత ఇస్తే అంతే బయటికి వస్తుందని, ఇక అందులో ఆలోచించడానికి ఏముందని చాలామంది అంటారు. నిజానికి ఆప్-ఆంప్ ఇన్‌పుట్‌కు అన్నిటికన్నా కఠినమైన పరీక్ష ఈ సర్క్యూటే. ఆ మాట పాఠాల్లో చెప్పకుండా వదిలేయడం నన్ను బాధిస్తుంది.

ఈ బ్రెడ్‌బోర్డు మీద ఎల్ఎమ్358 అనే ఆప్-ఆంప్‌ను బఫర్‌గా పెట్టి, దానికి 5 వోల్టుల సరఫరా ఇచ్చి, 10 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటరు మధ్యకాలును దాని ప్లస్ ఇన్‌పుట్‌కు కలిపాను. నాబ్ తిప్పుతుంటే 3 వోల్టుల దాకా ఔట్‌పుట్ తు.చ. తప్పకుండా వెంట వస్తుంది. 3.5 దాటిన కాసేపటికే, ఇన్‌పుట్ 5కు చేరుతున్నా మీటరులో అంకె కదలదు. 5 వోల్టులను 1023గా చదివే ఆర్డుయినో బోర్డులో ఆ 1023 రావలసిన చోట 700 పైచిలుకు దగ్గరే నిలిచిపోతుంది. దయచేసి చిప్ నకిలీదని పారేయకండి.

తలమీద గంప పెట్టుకున్న మనిషి గుమ్మం దాటుతున్నాడనుకోండి. ద్వారబంధం ఎత్తు సరఫరా వోల్టేజీ, అతని తల ఇన్‌పుట్, గంప ఎత్తు సుమారు 1.5 వోల్టులు. లోపలి పీఎన్‌పీ ట్రాన్సిస్టర్లు రెండింటికి చెరొక 0.6, వాటిని పోషించే కరెంట్ సోర్సుకు మరికాస్త, ఇదే ఆ గంప. సరఫరాను 12కు పెంచినా గంప ఎత్తు మారదు కాబట్టి తల 10.5 వరకు వెళ్ళగలదు. ఎల్ఎమ్358లో బయటికి పోయే గుమ్మం, అంటే ఔట్‌పుట్ దశ కూడా దాదాపు అంతే ఖాళీ కోరుతుంది.

మరి బఫర్‌కే ఈ చిక్కు ఎందుకు? సిగ్నల్‌ను తలకిందులు చేసే ఇన్వర్టింగ్ సర్క్యూట్‌లో ప్లస్ ఇన్‌పుట్ స్థిరమైన వోల్టేజీ దగ్గర ఉంటుంది కాబట్టి గంప మనిషి ఒకేచోట నిలబడి ఉంటాడు. గెయిన్ 10 ఉన్న నాన్-ఇన్వర్టింగ్ సర్క్యూట్‌లో 3 వోల్టుల ఔట్‌పుట్ కోసం ఇన్‌పుట్ 0.3 కదిలితే చాలు. బఫర్‌లో మాత్రం సిగ్నల్ ఎంత ఎత్తుకు పోతే తల అంత ఎత్తుకూ పోవలసిందే.

టీఎల్072 అనే మరో ఆప్-ఆంప్ కథ తలకిందులు: దానికి పైన ఇబ్బంది తక్కువ, కింద మాత్రం నెగటివ్ రైలు (సరఫరా కింది కొస) కన్నా సుమారు 3 వోల్టుల ఎత్తున పీట కావాలి. పీట దిగితే ఔట్‌పుట్ ఆగిపోదు, ఒక్కసారిగా పై రైలుకు ఎగిరిపోతుంది. దీన్నే ఫేజ్ రివర్సల్ అంటారు. ఒక మోటారును నడిపే సర్క్యూట్‌లో ఇది జరిగితే ఎంత ప్రమాదమో ఊహించండి.

సమయం అయిపోతోంది కాబట్టి పరిష్కారం త్వరగా చెబుతాను. 5 వోల్టులకు ఎంసీపీ6002 లాంటి ఆప్-ఆంప్ వాడండి. దాని ఇన్‌పుట్ రెండు రైళ్ళకూ 0.3 వోల్టుల అవతల దాకా పనిచేస్తుంది. పెట్టెమీద రైల్-టు-రైల్ అని ఉంటే అది ఔట్‌పుట్‌కే పరిమితం కావచ్చు, కాబట్టి డేటాషీటులో ఇన్‌పుట్ కామన్ మోడ్ రేంజ్ (ఇన్‌పుట్‌లు సరిగ్గా పనిచేసే వోల్టేజీ హద్దులు) వరుస చూడండి. అబ్సల్యూట్ మాక్సిమమ్ పట్టిక చూసి మోసపోకండి, అది చిప్ కాలిపోకుండా ఉండే హద్దు మాత్రమే. ఉన్న ఎల్ఎమ్358కే సరఫరా 9 వోల్టులకు పెంచుతామంటే పెంచవచ్చు, కానీ అప్పుడు ఔట్‌పుట్ 5 దాటగలదు కాబట్టి ఆర్డుయినో పిన్‌కు ముందు రెసిస్టరు, అదనపు వోల్టేజీని మళ్ళించే క్లాంప్ డయోడు పెట్టిన తరువాతే కలపండి.