ప్రింటరు ఇంటికి ఇబ్రహీంపట్నం బూడిద, తెనాలి ఊక

నమస్తే అండి. త్రీడీ ప్రింటరుతో ఇల్లు కట్టేస్తున్నారు, సెంట్రింగ్ అక్కర్లేదు, పర్యావరణానికి మేలు అనే వీడియోలు మీరు చాలానే చూసుంటారు. 2023లో బెంగళూరులో పోస్టాఫీసునే అలా ప్రింట్ చేశారు. సెంట్రింగ్ ఖర్చు మిగిలే మాట నిజమే. పర్యావరణానికి మేలు అన్నదగ్గరే నాకు పేచీ. అందులో సిమెంటు ఎంత పడుతోందో ఎవరూ చెప్పట్లేదు.

మన స్లాబు కాంక్రీటులో ఎక్కువ చోటు 20 ఎంఎం కంకరదే. ప్రింటరు నాజిల్‌లో అంత కంకర పట్టదు. జంతికల గొట్టంలో పిండిలాగా ముద్ద సాఫీగా దిగాలి, దిగాక జారకుండా నిలబడాలి. అందుకని సిమెంటు మామూలుకన్నా బాగా ఎక్కువ పోస్తారు. సిమెంటు కోసం సున్నపురాయిని 1450 డిగ్రీల దాకా కాలుస్తారు. బొగ్గు పొగ సరే, ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. ప్రపంచమంతా వదిలేదాంట్లో 7, 8 శాతం సిమెంటుదే.

ఆ సిమెంటును తగ్గించే సరుకు మన చుట్టూనే ఉంది. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలోని థర్మల్ కరెంటు కేంద్రం వీటీపీఎస్ 1979 నుంచి బొగ్గు కాలుస్తోంది. మన దేశపు బొగ్గులో 30 నుంచి 45 శాతం బూడిదే. అందులో పొగతో పాటు ఎగిరే మెత్తటి బూడిదే ఫ్లై యాష్. దాని రేణువుల్ని మైక్రోస్కోపులో చూస్తే గుండ్రటి గాజు గోళీలు! పంపులో సాఫీగా జారతాయి, నీళ్ళు తక్కువ పడతాయి. సిమెంటు తడిసినప్పుడు వదిలే సున్నంతో కలిసి తర్వాత గట్టిపడతాయి కూడా. ఆ గట్టిపడటం మాత్రం నెమ్మది. ప్రింటింగ్‌లో కింది పొర కాసేపట్లోనే పై పొర బరువు మోయాలి. బూడిద మరీ ఎక్కువైతే కింది వరస ఉబ్బి, గోడ ఒరుగుతుంది.

ఇక్కడ ఊక బూడిద పనికొస్తుంది. తెనాలి, గుంటూరు రైసు మిల్లుల్లో 100 కిలోల వడ్లకు 20 కిలోల దాకా ఊక వస్తుంది. అది కాలిస్తే నాలుగు కిలోల బూడిద, అందులో అత్యధికం సిలికానే; సున్నంతో కలిసి గట్టిపడేది అదే. రేణువు నిండా రంధ్రాలుండటంతో నీళ్ళు పీల్చుకుని ముద్దను బిగిస్తుంది. ఫ్లై యాష్‌తో జారుడు, దీంతో బిగువు: రెండూ పాళ్ళు చూసి కలపాలన్నది నా అభిప్రాయం. అయితే మిల్లు వెనక కుప్ప పోసిన నల్ల బూడిదను తెచ్చి పోసెయ్యకండి. నలుపంటే కాలని కార్బన్, అది ముద్ద సాఫీగా పారడానికి మనం కలిపే కెమికల్‌ను మింగేస్తుంది. మంట మరీ ఎక్కువైతే సిలికా స్ఫటికంగా మారి, సున్నంతో కలవదు. 600, 700 డిగ్రీల దగ్గర అదుపుగా కాల్చి, మెత్తగా మర పట్టించిన బూడిదే కావాలి.

పాత ఇళ్ళు కూల్చిన రబ్బిష్‌ను పొడి చేసి ఇసుక బదులు వాడొచ్చు. ముందే తడపకపోతే ముద్దలో నీళ్ళన్నీ తాగేస్తుంది. కృష్ణా ఇసుక మిగులుతుంది గానీ సిమెంటు తగ్గదు.

ఇంకో సంగతి. పీపీసీ, అంటే ఫ్లై యాష్ కలిపి అమ్మే సిమెంటు బస్తాలో ఇప్పటికే 15 నుంచి 35 శాతం ఫ్లై యాష్ ఉంటుంది, దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ నిబంధనే అది. దాని మీద మళ్ళీ బూడిద కలిపితే మొత్తం ఎంతవుతుందో లెక్క కట్టాలి. ప్రింటరు కంపెనీవాళ్ళు వచ్చి గ్రీన్ అంటే, ఘనపు మీటరుకు సిమెంటు ఎన్ని కిలోలు, ఏ రకం బస్తా అని గట్టిగా అడగండి.

విజయవాడ ఎండ సంగతీ మర్చిపోవద్దు. సెంట్రింగ్ లేని గోడ రెండు వైపులా ఆరిపోతుంది, బూడిద కలిపినదానికి క్యూరింగ్ ఇంకా ఎక్కువ రోజులు కావాలి. తెల్లవారుజామున ప్రింట్ చేసి, తడి గోనెసంచులు కప్పి ఉంచాలి. మొదట పార్కు బెంచీలు, కాంపౌండ్ గోడలు చేద్దాం. ఒక మే నెల, ఒక వానాకాలం గడిచాక పగుళ్ళు చూసి, అప్పుడు ఇంటి మాట ఎత్తుదాం.