ఇడ్లీ తినేసి స్కానింగ్‌కి రాకండి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన 20 నిమిషాలూ వాటికే సరిపోతాయి, మన్నించండి. లివర్‌కి తీసే అల్ట్రాసౌండ్, సీటీ, ఎమ్మారై వరసగా చెబుదామనే వచ్చాను.

కొవ్వు పట్టిన లివర్ అల్ట్రాసౌండ్‌లో పక్కనున్న కుడి కిడ్నీ కంటే తెల్లగా కనబడుతుంది. కొవ్వు 20 శాతం లోపుంటే చాలాసార్లు కంటికి ఆనదు. గ్రేడ్ 1, 2, 3 అనేది ఆ తెలుపుకి వేసే మార్కే. లివర్ ఎంత గట్టిపడిందో అది చెప్పదు. గ్రేడ్ చూసి కంగారుపడేవాళ్లు ఆ గట్టిపడటం, అంటే ఫైబ్రోసిస్ సంగతి అడగనే అడగరు!

దాన్ని కొలిచేది ఫైబ్రోస్కాన్. వెల్లకిలా పడుకోబెట్టి, కుడిచెయ్యి తల వెనక్కి పెట్టించి, పక్కటెముకల సందులో జెల్ రాసి ప్రోబ్ నిటారుగా ఆనిస్తారు. బటన్ నొక్కగానే వేలితో చిటికేసినట్టు చిన్న దెబ్బ. ఆ అల గట్టి లివర్‌లో వేగంగా పోతుంది, ఆ వేగమే కిలోపాస్కల్స్‌లోకి, అంటే గట్టిదనాన్ని చెప్పే అంకెలోకి మారుతుంది. సరైన కొలతలు కనీసం 10 కావాలి. ఫ్యాటీ లివర్ వాళ్లకి 8 లోపు వస్తే ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం తక్కువ.

మన బెంగళూరులో ఏం చేస్తారు? దారిలో దర్శిని హోటల్ కనబడుతుంది. ఇడ్లీ వడ, ఫిల్టర్ కాఫీ కానిచ్చి వచ్చి పడుకుంటారు! తిన్నాక లివర్‌కి రక్తం ఎక్కువ వస్తుంది, అంకె పెరుగుతుంది, లేని జబ్బు కాగితం మీదికెక్కుతుంది. అమ్మా, అయ్యా, పరీక్షకి ముందు కనీసం 3 గంటలు ఏమీ తినకండి. కామెర్లు, హెపటైటిస్ (లివర్ వాపు) జోరు మీదున్నా అంకె పెరుగుతుంది. పొట్టలో నీరుంటే మామూలు ప్రోబ్‌తో ఈ పరీక్ష కుదరదు, అల నీటిని దాటదు.

సీటీకి వస్తే, నా గోడంతా డాక్టర్లు రాసే చీటీ మీదే. సిరోసిస్ (ఫైబ్రోసిస్ బాగా ముదిరిన దశ) ఉన్నవాళ్లకి గడ్డ అనుమానం వచ్చినా "సీటీ అబ్డామెన్", అంటే పొట్ట సీటీ అని రెండే ముక్కలు రాస్తారు. అప్పుడు ఒక్క పోర్టల్ ఫేజ్, అంటే 70 సెకన్ల దగ్గరి బొమ్మ ఒక్కటే తీసి పంపేయొచ్చు. లివర్ క్యాన్సర్ గడ్డ ఎక్కువగా హెపాటిక్ ధమని రక్తం మీద బతుకుతుంది. కాంట్రాస్ట్ (బొమ్మలో తెల్లగా కనబడే మందు) నరంలోకి ఎక్కించిన 35 సెకన్ల ప్రాంతంలో మెరుస్తుంది, 70 సెకన్లకో 3 నిమిషాలకో చుట్టూ ఉన్న లివర్ కంటే నల్లబడుతుంది. ఆ మెరుపు తియ్యకపోతే గడ్డ తప్పిపోవచ్చు. చీటీ చేతికి రాగానే చదవండి. "సిరోసిస్, ట్రైఫేజిక్" అని లేకపోతే రాయించుకోండి. ట్రైఫేజిక్ అంటే ఆ మూడు వేళల్లోనూ బొమ్మ తియ్యడం. పాత సీడీ ఉంటే పట్టుకెళ్లండి. ఇంకోమాటు చెబుతున్నా, ట్రైఫేజిక్.

గంట కొట్టేశారు. ఎమ్మారై సందేహాలుంటే భోజనాల దగ్గర అడగండి, అక్కడ తినొచ్చు.