ఇవాళ ఆమెని ప్రేమించడం మానేశాడు

[నల్లటి తెర. గిటార్ తీగ ఒక్కసారి మోగి ఆగుతుంది.]

"ఇవాళ ఆమెని ప్రేమించడం మానేశాడు." ఈ మాట వినగానే ఏమనుకుంటాం? హమ్మయ్య, ఇన్నాళ్ళకి తేరుకున్నాడు అనుకుంటాం. 1980లో అమెరికన్ గాయకుడు జార్జ్ జోన్స్ పాడిన కంట్రీ పాట (అక్కడి పల్లెపాటల బాణీ) పేరు అదే, 'హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే'. రాసింది బాబీ బ్రాడక్, కర్లీ పుట్‌మన్.

కథ చిన్నదే. చచ్చేదాకా నిన్నే ప్రేమిస్తానన్నాడు ఒకతను. పోనుపోను నువ్వే మర్చిపోతావులే అంది ఆమె.

[తెర మీద: పాత ఉత్తరం, కొన్ని మాటల కింద ఎర్రగీత]

ఆమె ఫోటో గోడ మీద అలాగే ఉంది. మంచం పక్కన 1962 నాటి ఉత్తరాలు. 'ప్రేమిస్తున్నాను' అన్న ప్రతి మాట కిందా ఎర్రగీత గీసుకున్నాడు. పరీక్షకి చదివే పిల్లాడిలా! నాకైతే పాట మొత్తంలో గుచ్చుకునేది ఈ గీతే.

ఇదంతా చెప్పేది అతను కాదు, అతని స్నేహితుడు. ఇవాళ చూడ్డానికి వెళ్ళాను, కళ్ళలో నీళ్ళు లేవు, ఎక్కడికో బయల్దేరినట్టు తయారై ఉన్నాడు, ఎన్నేళ్ళకో నవ్వు మొహం చూశాను అంటాడు. ఆమె తిరిగొచ్చిందేమో అనుకుంటాం. వెంటనే పల్లవి. తలుపుకి పూలచక్రం కట్టారు, కాసేపట్లో అతన్ని మోసుకెళ్తారు. మనం పోయినవాళ్ళని 'కాలం చేశారు' అంటాం చూడండి, ఇక్కడ 'ప్రేమించడం మానేశాడు' అన్నదే ఆ మాట.

[సంగీతం తగ్గుతుంది]

ఆఖరిచూపుకి ఆమె వస్తుంది. అక్కడ జోన్స్ పాడడు, మామూలుగా మాట్లాడతాడు. నాలుగే నాలుగు వాక్యాలు. వాటికే నానా తంటాలు పడ్డాడు. తాగి ఉన్నా పాడగలిగేవాడు కానీ, మాట్లాడబోతే నాలుక మడతపడేది. మొదటి చరణం రికార్డు చేశాక ఈ మాటలు రికార్డు కావడానికి ఏడాదిన్నర పట్టిందని నిర్మాత బిల్లీ షెరిల్ తర్వాత చెప్పాడు. అసలు ఇంత ఏడుపుగొట్టు పాట ఎవడూ కొనడని జోన్స్ గట్టి నమ్మకం. కొన్నారు. ఆ ఏడాదే కంట్రీ చార్టులో ఒకటో స్థానానికి వెళ్ళింది, గ్రామీ కూడా వచ్చింది.

[తెర మీద: నాష్‌విల్, 2013 మే]

జోన్స్ అంత్యక్రియల సభ. కంట్రీ కచేరీలకి పేరుపడ్డ గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక మీద మరో కంట్రీ గాయకుడు అలన్ జాక్సన్ ఈ పాటే పాడాడు. పాడుతూ టోపీ తీసేశాడు.